ఖాళీ బస్సులో దస్తీ

మా యారాలు ఆఫ్రికా నుంచి వచ్చాక మొదటి ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలిచాం. బగారన్నం వండాను గానీ మనసుపెట్టి వండలేదు. ఆమె మా మరిది భార్య, నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. ఇంగ్లండులో వాళ్లుండేది స్టాన్‌మోర్, మేముండేది బ్రాక్‌నెల్. మలావీ నుంచి జాంబియాకు లోకల్ వ్యాన్లలో, షేర్ టాక్సీల్లో, మధ్యలో సరిహద్దు కాలినడకన దాటి, ఒంటరిగా వెళ్లొచ్చింది. ఆ దారి నాది. నవ్వకండి, నాదే.

నేను ఒక జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టుని. ఐదేళ్ల క్రితం అక్కడ మలావీ నర్సు ఒకామె లంచ్ బ్రేకులో తన ఊరి ప్రయాణాల గురించి చెప్పింది. ఆ సాయంత్రమే నీలం అట్ట నోట్‌బుక్ కొన్నాను. లిలాంగ్వేలో వ్యాను ఎక్కడ ఎక్కాలి, మ్చింజీలో దిగి సరిహద్దుకు ఎలా పోవాలి, అవతల చిపాటాకు టాక్సీ ఎక్కడ దొరుకుతుంది, అన్నీ గళ్లు గీసి రాసుకున్నాను. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. వ్యాను ఎన్ని గంటలకు? ఎవరినడిగినా "నిండగానే" అన్నారు. నిండగానే అంటే ఎప్పుడండీ? టైము తెలియకుండా సెలవు ఎలా పెట్టను, డ్యూటీల రోటా ఎలా మార్పించుకోను? అది తేలాక పోదామనుకుంటూ ఐదేళ్లు కూర్చున్నాను. పోయినేడు యారాలు "అక్కా, ఆ బుక్కు జర చూపియ్యవా" అంటే, గొప్పలకు పోయి ప్రతి పేజీ ఫొటో తీసి పంపింది కూడా నేనే. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉంటుందా!

భోజనాల దగ్గర అందరూ ఆమె చుట్టూనే. మా ఆయన కూర ఎలా ఉందో కూడా చెప్పలేదు. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఆ పిల్ల ఫోన్ ముట్టకుండా గంటసేపు కూర్చోవడం ఆరోజే చూశాను.

"బస్టాండుల నేనేం చేసిన్నో తెలుసా?" అంది యారాలు. "రెండు వ్యాన్లు నిలబడ్డయి. ఒకటి నిండుగున్నది, ఒకటి ఖాళీ. మనోళ్ల బుద్ధి యాడికి పోతది? ఉరికి, ఖాళీ దాంట్ల కిటికీ పక్క సీటు మీద దస్తీ ఏసిన!"

మా ఆయన పడీ పడీ నవ్వాడు. కరీంనగర్ బస్టాండులో కిటికీలోంచి దస్తీ విసిరి సీటు పట్టనివాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

"అది నిండితే గాని కదలదు గద! నిండుగున్న బండి నా కండ్ల ముందటనే పోయింది. నేను మహరాణి లెక్క కిటికీ కాడ కూసున్న, మూడు గంటలు! ఆఖరికి కోడిని పట్టుకొని ఒక ముసలామె వచ్చింది. పక్క సీటు మీద పెట్టిన నా సంచి తీసి నా ఒళ్లె పెట్టి, కూసోని, ఒకటే నవ్వుడు."

అందరితోపాటు నేనూ నవ్వాను. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాను. ఆ మూడు గంటల ఉక్కపోత కూడా నాకే కావాలనిపించింది. ఆ ముసలామె నా పక్కన కూర్చోవాల్సింది. ఆ కోడి నా చీరకొంగు పొడవాల్సింది.

"నీళ్లు పడక కడుపు ఖరాబు కాలేదా?" అని అడిగాను. అయిందని చెబితే బాగుండు అనుకుంటూనే అడిగాను.

"ఏం కాలేదక్కా," అంది. అంత అదృష్టం కూడా ఆమెదే.

చాయ్ తాగుతూ, "వచ్చే ఎండకాలం మొజాంబిక్ దిక్కు పోత. నువ్వు గూడ రా అక్కా," అంది. వస్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా దారిలో నేను ఆమె వెనకాల నడవాలా? "రోటా చూసి చెప్త," అని గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయాను.

నా వెనకాలే అమ్మాయి వచ్చింది. "మమ్, చిన్నమ్మతో ఐయామ్ గోయింగ్," అంది. "నీ బ్లూ నోట్‌బుక్ ఇస్తావా?"

కన్నకూతురి మీద కూడా కళ్లలో నిప్పులు పోసుకున్నాను. దాచేదేముంది? "ఏడ పెట్టిన్నో ఏమో, వెతకాలె," అని అబద్ధమాడాను. నోట్‌బుక్ బియ్యం డబ్బా వెనకాలే ఉంది.

"ఇట్స్ ఓకే మమ్. ఫొటోలు చిన్నమ్మ దగ్గరున్నాయి. నీ హ్యాండ్‌రైటింగ్ కదా, అందుకే అడిగా," అని పిల్ల వెళ్లిపోయింది.

కుళాయి అలాగే పారుతోంది. హాల్లో వాళ్లిద్దరి నవ్వులు వినిపిస్తున్నాయి. రోటా నేను చూసేదీ లేదు, వాళ్లు నా కోసం ఆగేదీ లేదు. నా నోట్‌బుక్కే చాలు వాళ్లకు, నాతో పనిలేదు. తడి చేతులతోనే డబ్బా వెనక నుంచి దాన్ని లాగి హాల్లోకి పోయాను. యారాలు కోటు వేసుకుంటోంది.

"నేను గూడ వస్తున్న," అన్నాను. పోట్లాటకు వెళ్లినట్టే అన్నాను. "కిటికీ పక్క సీటు నాది."

"నిండిన బండి ఎక్కాలె అక్కా," అని నవ్వింది యారాలు. "దాంట్ల కిటికీ సీటు దొరకదు."

"దొరకకుంటే దొరకకపాయె," అన్నాను. "మీ ఇద్దరి నడుమ నేనే కూసుంట."