సిప్పీఘాట్ మలుపులో సిగ్నల్

విశాఖ నుంచి ఓడలో పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి వాన పడుతోంది. జెట్టీ నుంచి తడుస్తూనే ఎంటీ యార్డుకి, అంటే మా ఆర్మీ బండ్లు ఉండే చోటికి వెళ్ళాను. హవల్దారు ముందుగా నా ఫోన్ అడిగాడు. బల్ల మీద ఇనుప పెట్టె ఉంది. రోడ్డెక్కే డ్రైవరూ, పక్కన కూర్చునే కో-డ్రైవరూ ఫోన్లు అందులో వేసి వెళ్ళాలి. నేను కో-డ్రైవర్ని. వైర్‌లెస్ సెట్ చూసుకోవడం, డ్రైవర్ కునుకు తీయకుండా చూడడం నా పని.

రెండున్నర టన్నుల ట్రక్కు. పడమటి ఒడ్డు పోస్టుకి రేషన్, డీజిల్ చేరవేయాలి. ఉప్పు గాలికి బ్రేక్ పైపులు తుప్పు పట్టేవి, రోజూ పొద్దున్నే తడిమి చూసేవాళ్ళం. అక్కడ సాయంత్రం ఐదున్నరకే చీకటి. ఆలోపు తిరిగి రావాలని ఆర్డరు.

డ్రైవర్ ప్రోతరాపూర్‌లో పుట్టినవాడు. తాతలు సోంపేట వైపు నుంచి చేపల వేటకి వచ్చి స్థిరపడ్డారు. మాది శ్రీకాకుళం. మొదటి రోజే కలిసిపోయాం.

దారిలో సగం పైగా ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. తిరిగొచ్చేటప్పుడు అది మొదట దొరికేది సిప్పీఘాట్ మలుపులో. సునామీకి అక్కడ నేల కుంగి, పొలాల్లోకి సముద్రం వచ్చి ఉండిపోయింది. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే. ఊళ్ళోకి వచ్చేవాళ్ళకి అంతసేపూ ఆగిన మెసేజ్‌లన్నీ అక్కడ ఒక్కసారిగా మోగుతాయి. ఊరు దాటి వెళ్ళేవాళ్ళు సిగ్నల్ పోకముందు ఆఖరిసారి ఫోన్ చూసుకునేదీ అక్కడే. రోడ్డు కూడా సరిగ్గా అక్కడే వంగుతుంది.

ఒక రోజు డ్రైవర్ భార్య ఆస్పత్రిలో ఉంది. తొలి కాన్పు. బీపీ పెరిగింది, ఆపరేషన్ చేయాల్సి రావచ్చన్నారు. రెండో డ్రైవర్ జ్వరంతో పడుకున్నాడు. బండి తిరిగొచ్చాకే సెలవు.

"సాబ్, ఈ ఒక్క దినం ఫోన్ ఉంచుకుంతాను. జేబులో ఎట్టుకుంతానంతే, సూడను."

"మోగితే చూడకుండా ఉంటావా? నేనైతే ఉండలేను," అన్నాడు హవల్దారు హిందీలో. అతని ఫోన్ తీసి నాకిచ్చాడు. "నీ దగ్గర ఉంచు. మోగితే బండి ఆపించు. ఆ తర్వాతే మాట."

తిరుగు దారిలో నాలుగు దాటింది. సన్నటి వాన. మలుపు మొదట్లోనే నా చొక్కా జేబులో ఫోన్ మోగడం మొదలైంది, వరసగా.

"ఏటొచ్చింది భయ్యా?"

"మలుపు దాటి ఆపు, చెప్తాను."

"ఏక్ నజర్ సూడు. ఆస్పత్రిదేనా?"

"నేను ఫోన్ చూస్తే నువ్వు నా మొహం చూస్తావు. రోడ్డు చూడు."

"నీ మొకం ఏటి సూస్తాను, పొద్దుట్నుంచీ సూస్తన్నదే కదా," అని గొణిగాడు. కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉంచాడు.

అప్పుడే ఎదురుగా స్కూటర్. వెనక చేపల ట్రే కట్టి ఉంది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండో చేతిలో ఫోన్, తల కిందికి. నేరుగా మా వైపుకి వచ్చేస్తున్నాడు. డ్రైవర్ బ్రేక్ తొక్కి స్టీరింగ్ ఎడమకి కోశాడు. వెనక చక్రాలు జారి గట్టు అంచున ఆగాయి. స్కూటర్ మనిషి తలెత్తి, హ్యాండిల్ తిప్పి, మా బంపర్‌ని రాసుకుంటూ అవతలి నీళ్ళలోకి పోయాడు.

డ్రైవర్ దూకేశాడు. నేను సెట్ అందుకున్నాను.

"సిప్పీఘాట్ మలుపు. ఒక సివిలియన్ నీళ్ళలో. అంబులెన్స్ పంపండి. ఓవర్."

"మళ్ళీ ఆ మలుపేనా." హవల్దారు గొంతు. "మనవాళ్ళు?"

"క్షేమం."

"పంపుతున్నాను. అవుట్."

తాడు తీసుకుని పరిగెత్తాను. డ్రైవర్ ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, స్కూటర్ కింద కాలు ఇరుక్కున్న మనిషి తలని పైకెత్తి పట్టుకున్నాడు. మళ్ళీ ఫోన్. ఈసారి కాల్.

"మీ అత్త," అని అరిచాను. "ఎత్తనా?"

"ముందు తాడు ఇసురు."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

కాలు విరిగింది, ప్రాణం దక్కింది. గట్టు మీద పడుకోబెడితే, "బోటొచ్చిందని ఫోటో ఎట్టారు భయ్యా, అదే సూస్తన్నాను," అన్నాడు. మెడ తిప్పి నీళ్ళకేసి చూసి, "నా సేపలు?" అని అడిగాడు.

"ఇంటికెల్లిపోనాయి," అన్నాడు డ్రైవర్.

అంబులెన్స్ వెళ్ళాక ట్రక్కు ఫుట్‌బోర్డు మీద కూర్చుని అత్తకి ఫోన్ చేశాడు. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తల్లి బాగుంది. విని, మొహం తుడుచుకుని, ఫోన్ తిరిగి నాకే ఇచ్చాడు.

"ఉంచు భయ్యా. ఊళ్ళో గోల్ ఘర్ కాడ ట్రాఫిక్ ఉంతాది."

అక్కడి డ్యూటీ ముగిసింది, తర్వాత రిటైరై శ్రీకాకుళం వచ్చేశాను. ఇక్కడ సిగ్నల్ లేని రోడ్డు లేదు. స్టీరింగ్ ముందు కూర్చుంటే ఫోన్ వెనక సీటులో పడేస్తాను. ఒక్క చూపుకి ఏమైపోతుందని మావాళ్ళు నవ్వుతారు. నేను వాదించను. నాకు అప్పుడు కనబడేది ఒక వీపు. వానలో, ఛాతీ లోతు నీళ్ళలో, యూనిఫాం అంటుకుపోయిన వీపు. నా చేతిలో అతని ఫోన్ మోగుతూనే ఉంటుంది. అతను వెనక్కి తిరగడు.