ముఖం బిగుసుకునే అడుగు

వనపర్తిలో పెళ్లి వీడియోలు తీసే మా కెమెరా అన్నకు ఒక అలవాటుండేది. లెన్సు బిగించే ముందు ఖాళీ చేతులతో మనిషి వైపు నడిచేవాడు. ఎదుటి ముఖం బిగుసుకోగానే ఒకడుగు వెనక్కి వేసి, ఆ దూరానికి సరిపోయే లెన్సు తీసేవాడు. ఒక సిగ్గరి పెళ్లికొడుకు కోసం అవతలి ఊరు బిజినేపల్లి దాకా వెనక్కి నడిచాడని ప్రచారం చేసింది నేనే.

గోపాల్‌పేట పల్లిచేనులో అన్నే కెమెరా పట్టిన నా చిన్న సినిమాకు చివరి షాటు మిగిలింది. కాయలు తెంపే కూలి పెద్దమ్మ నవ్వాలి. నేను దగ్గర నుంచి తీసే వైడు లెన్సు పెట్టించి కెమెరాను ఆమె ముక్కు దాకా తెచ్చాను. ఆధార్ ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. పొద్దు వాలుతోంది. తెల్లారితే ఆమె పనికి ముంబై బస్సెక్కుతుంది.

"గిట్ల మీదవడితే ఎవరు నవ్వుతరు తమ్మీ? జర నన్ను నడవనియ్యి," అన్నాడు అన్న.

దూరం నుంచి నడిచొస్తే, ఇంకా ఇరవై గజాల దూరం ఉండగానే పెద్దమ్మ బిగిసింది. అతను దూరం నుంచి తీసే పొడుగు లెన్సు, కెమెరా పట్టుకుని కందిచేను వెనక మాయమయ్యాడు.

"కెమెరాయన అలిగి ఇంటికి పోయిండా ఏంది?" అంటూ పెద్దమ్మ నన్ను చూసి పడీపడీ నవ్వింది.

తర్వాత ఊళ్లో సినిమా వేసినప్పుడు బడి గోడ మీద ఆ నవ్వు గోడంత పడితే ఊరంతా ఈలలేసింది. ముంబై నుంచి వచ్చిన పెద్దమ్మ అన్న చెయ్యి పట్టుకుంది.

"గా దినం నువ్వు యాడున్నవ్ కొడుకా? నాకు కనవడనే లేదు!"

అన్న కాలరెగరేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.