పిల్లుల దగ్గర అత్త కూర్చున్న తీరు

నా చిన్నప్పుడు మేము కన్నడం మాట్లాడే ఊళ్ళో, కాటన్‌పేటలో ఉండేవాళ్ళం. ముందు అంగడి, వెనక గోడౌను, మేడ మీద ఇల్లు. మా తాతయ్యది నూలు వ్యాపారం. మగ్గాలవాళ్ళకు అమ్మే నూలు మూటలు గోడౌనులో పైకప్పు దాకా పేర్చి ఉండేవి. ఆ ఏడు ఎలుకలు బాగా పెరిగాయి. పైకి బాగానే కనిపించే మూటను విప్పితే లోపల నూలు ముక్కలు ముక్కలుగా ఉండేది. బోను పెట్టారు, మందు పెట్టారు. మందు తిన్న ఎలుకలు మూటల మధ్య చస్తే, వాటి వాసనతో అంగడికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. చివరికి పిల్లిని తెచ్చుకుందామని మా మేనత్త అడిగింది.

అత్త గురించి ఇక్కడ కొంత చెప్పాలి. ఆమె పోయి ఆరు నెలలైంది, ఇంకా ఆమె గురించి ఇక లేని మనిషిలాగా రాయడం నాకు అలవాటు కాలేదు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పుడు ఆమెకు పాతికేళ్ళు కూడా లేవు, నాకు ఎనిమిది. వచ్చిన కొత్తలో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఎలుకలు కొరికిన నూలులో పనికివచ్చే దారాన్ని వేరు చేసి చిక్కు తీయడం తనే ఒక పనిగా పెట్టుకుంది. పొద్దుటి నుంచి గోడౌనులో చాప వేసుకుని అదే చేసేది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. ఏడాదిలో ఆమె తనంతట తాను నోరు తెరిచి అడిగింది ఆ పిల్లినే. అందుకే తాతయ్య కాదనలేకపోయాడు.

బళేపేటలో తెలిసిన గాజుల అంగడివాళ్ళు ఇల్లు మారుతున్నారు. వాళ్ళింట్లో ఏడెనిమిది నెలల వయసున్న ఆడపిల్లులు రెండుండేవి. ఒకటి చాలని అడిగితే, తోడబుట్టినవాటిని విడదీయలేమని రెండూ ఇచ్చారు. ఒకటి ఎర్రది, ఒకటి బూడిదరంగుది.

కొత్త పిల్లిని ఇంటికి తేవడానికి మా ఇంట్లో ఒక వాడుక ఉండేది. గోనెసంచిలో వేసి మూతి కట్టి, నేరుగా రాకుండా సందులన్నీ చుట్టి తేవాలి. గుమ్మం ముందు సంచిని మూడుసార్లు గుండ్రంగా తిప్పాలి. అలా చేస్తే పాత ఇంటి దారి మరిచిపోతుందని నమ్మకం. తాతయ్య దగ్గరుండి అలాగే చేయించాడు.

"తల తిరిగేట్టు చేసి లోపలికి పిలిస్తే యాడ కుదురుకుంటాయి నాయనా" అంది అత్త.

"నీకేం తెలుసమ్మా. మా అమ్మ కాలం నించి ఇట్లనే తెస్తా ఉండాము."

సంచి మూతి విప్పగానే రెండూ మూటల వెనక్కి దూరిపోయాయి. మూడు రోజులు వాటి తోక కూడా ఎవరికీ కనిపించలేదు. గిన్నెలో పెట్టిన పాలన్నం మాత్రం తెల్లారేసరికి అయిపోయేది. తాతయ్య ఈ సంగతి అంగడికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు.

"పిల్లిని తెమ్మంటే కొత్త పెండ్లికూతుర్ని తెచ్చింది మా అమ్మాయి. మొగమే చూపించదు. ఆ పాలన్నం కూడా ఎలకలే తింటా ఉండాయేమో, ఎవురు చూసొచ్చినారు."

నేను ఆగలేకపోయాను. చీపురుకట్ట తిరగేసి మూటల వెనక సందులో పొడవబోయాను. అత్త వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకుని మూలన పెట్టింది. తన చాప మీద పక్కన చోటు చూపించింది.

"సుమ్నే కూర్చో పాపా, ఊరికే. వాటి పక్కకి వీపు పెట్టి కూర్చో."

"వీపు పెడితే ఎట్ల కనిపిస్తాయి అత్తా?"

"మనకి అవి కనిపించే పని లేదు. వాటికి మనం కనిపిస్తే చాలు."

ఆ తర్వాత రోజూ బడి నుంచి రాగానే అదే వేళకు, అదే చోట ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఆమె తన పాత చీర ఒకదాన్ని మడిచి మూటల ముందు పరిచింది, తన వాసన వాటికి తెలియాలని. దాక్కునే సందును మూయనివ్వలేదు. "పారిపోయే దారి ఉండాదని తెలిస్తేనే బయటికి వస్తాయి" అనేది. చెయ్యి ఎప్పుడూ పైనుంచి చాపకూడదు, పైనుంచి వచ్చేది గద్ద అనుకుంటాయి. కళ్ళలోకి తేరిపార చూడకూడదు, కొట్లాటకు పిలిచినట్టు ఉంటుంది. పొరపాటున చూపు కలిస్తే నిద్ర వస్తున్నట్టు మెల్లగా కళ్ళు మూసి తెరవాలి. ఇవన్నీ ఆమెకు ఎవరు నేర్పారో నేను అడగలేదు.

మన గొంతు వాటికి అలవాటు కావాలని ఆమె ఒక తెలుగు వారపత్రిక తెప్పించి పక్కన పెట్టుకునేది. చేతులు దారం చిక్కు తీస్తుంటే మెల్లగా సీరియల్ చదివేది. నేను చదివేది కన్నడ బడిలో. ఇంట్లో తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. నాలుగు రోజులయ్యాక పత్రిక నా ఒళ్ళో పెట్టి, తప్పులు దిద్దుతూ నా చేత చదివించింది. గుణింతాలు అక్కడే వచ్చాయి. తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను, ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. నా తెలుగు చదువు మాత్రం ఎవరికీ కనిపించని రెండు పిల్లులకు వినిపించడంతో మొదలైంది.

ఎర్రది నేను చదవడం మొదలుపెట్టిన ఐదో రోజే బయటికి వచ్చి అత్త చీర కొంగు వాసన చూసింది. వారం తిరిగేసరికి ఒక ఎలుకను పట్టి అంగడి గడప మీద పెట్టింది. బూడిదది రాలేదు. దాని చెవి కొస ఒకటి మూట పక్కన కనిపించేది, నేను పేజీ తిప్పితే మాయమయ్యేది.

తాతయ్య ఒకరోజు గోడౌనులోకి వచ్చి అత్తతో తేల్చి చెప్పాడు. "ఎర్రది ఉండనీ. ఆ రెండోది మనుషులకి కనపడకుండా ఉండి, రేపు మూటల్లో ఈనితే నాకు ఎలకల పోరు పోయి పిల్లుల పోరు వస్తాది. అమావాస్య దాకా చూస్తా. మనిషి దగ్గరికి వచ్చిందా, సరే. లేదంటే మార్కెట్టులో విడిపిస్తా."

అత్త తల ఊపింది. మార్కెట్టు అంటే లారీలు, వీధికుక్కలు. మనిషి నీడకే బెదిరే పిల్లి అక్కడ ఎన్నాళ్ళు బతుకుతుందో నాకు కూడా తెలుసు. ఆ రోజు ఆమె చేతుల్లో దారం రెండుసార్లు తెగింది.

అమావాస్యకు మూడు రోజుల ముందు నేను చదువుతుంటే నా మడమకు చల్లగా ఏదో తగిలింది. బూడిదదాని ముక్కు. నేను కదల్లేదు. ఏం చదువుతున్నానో తెలియక, సీరియల్‌లో రాజుగారికి జ్వరమొచ్చిందన్న ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. అత్త చెయ్యి ఆపకుండా చిక్కు తీస్తూనే ఉంది. అది వెనక్కి వెళ్ళిపోయాక, "నాలుగుసార్లు చదివినావే, ఆ రాజుగారికి అంత జ్వరమొచ్చిందా" అని నవ్వింది. అత్త నవ్వగా నేను చూడడం అదే మొదలు.

అమావాస్య సాయంత్రం అంగడికి పూజ చేయడం మా వ్యాపారులందరి ఇళ్ళలోనూ ఉన్నదే. గంట వాయించి హారతి ఇచ్చి, గుమ్మడికాయకు కర్పూరం వెలిగించి దిష్టి తీసి, వీధిలో పగలగొడతారు. అత్త మేడ మీద నైవేద్యం వండుతోంది. తాతయ్య స్నానం చేసి అంగడిలోకి పోతూ నాతో అన్నాడు, "ఏం పాపా, మీ బూడిద పెండ్లికూతురు వచ్చిందా? రాకుంటే పొద్దున మూటలబండిలో పంపిస్తా."

నేను గోడౌనులోకి పరిగెత్తాను. బూడిదది అత్త చీర మీద పడుకుని నిద్రపోతోంది. అలా బయట పడుకోవడం అదే మొదటిసారి. ఇంకొక్క రోజు గడువు అడిగితే తాతయ్య ఇచ్చేవాడేమో, అత్తను పిలిచి చూపిస్తే సరిపోయేదేమో. అవేవీ నాకు తోచలేదు. ఇది నా చేతుల్లో ఉండగా తాతయ్య చూస్తే అంతా అయిపోతుందని మాత్రం తోచింది. పైనుంచి రెండు చేతులూ చాపి ఎత్తుకున్నాను. అది గింజుకుంటే గుండెకు గట్టిగా అదుముకుని అంగడిలోకి నడిచాను.

నేను గడప దాటేసరికి గంట మొదలైంది. తాతయ్య దేవుడి పటం వైపు తిరిగి ఉన్నాడు. బయట పక్క అంగడివాళ్ళ గుమ్మడికాయ పగిలింది. పిల్లి నా చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేసి, తాతయ్య భుజం పక్కగా దూకి, వీధిలోని లారీల మధ్యకు వెళ్ళిపోయింది. ఒక బండివాడు ఎద్దులను పగ్గం బిగించి ఆపడం చూశాను. ఆ తర్వాత దాన్ని చూడలేదు.

"యాడినుంచి వచ్చిందది?" అన్నాడు తాతయ్య.

"గంటకి బెదిరి అదే పరిగెత్తింది తాతా" అన్నాను.

అత్త దిగి వచ్చింది. గోడౌనులో చీర మీద పిల్లి పడుకున్న గుంటను చూసింది. నా చేతిని చూసింది. పసుపు తెచ్చి నాలుగు గీతల మీదా అద్దింది. "మండుతా ఉండాదా" అని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

మూడు సాయంత్రాలు ఆమె గిన్నె మీద చెంచాతో చిన్నగా తడుతూ ఆ సందులన్నీ తిరిగింది. అంతకుముందు ఏడాదిగా గుమ్మం దాటని మనిషి. నాలుగోనాడు మళ్ళీ చాప మీద కూర్చుంది. వెనక తలుపు దగ్గర పాలన్నం గిన్నె మాత్రం వానకాలం దాకా ఉంది. ఎర్రది కొన్నాళ్ళు మూటల వెనకకు పోయి పిలిచేది.

ఆ వారం నేను బడి నుంచి వచ్చి గోడౌను గడప దగ్గర నిలబడితే అత్త నావైపు తిరిగేది కాదు. నాకు వీపు పెట్టి దారం చిక్కు తీస్తూ ఉండేది. కోపం వచ్చిందనుకున్నాను. తప్పు నాదని తెలుసు కాబట్టి ఆ కోపం న్యాయమే అనిపించింది. కాసేపు నిలబడి మేడ మీదికి వెళ్ళిపోయేదాన్ని. ఐదారు రోజుల తర్వాత ఆ గడప దగ్గరికి పోవడమే మానేశాను. తర్వాత ఎప్పుడో మామూలుగా మాటలు కలిశాయి. నా పెళ్ళికి ఆమే జడ వేసింది. ఊరి ఆ చివరనున్న మారతహళ్ళికి కాపురం మారాక కూడా ప్రతి ఆదివారం బస్సెక్కి కాటన్‌పేట వెళ్ళి ఆమెను చూసి వచ్చేదాన్ని. మేము మాట్లాడుకోని సంగతి లేదు, ఆ ఒక్కటి తప్ప. చివరి నెలల్లో రెండుసార్లు చెప్పబోయాను. ఒకసారి నర్సు వచ్చింది. ఇంకోసారి ఎవరూ రాలేదు, నేనే మాట మార్చాను.

పోయిన నెల, ఎవరో వీధిలో కాపాడిన రెండు పిల్లులను మా అమ్మాయి ఇంటికి తెచ్చింది. రెండూ నా గదిలో మంచం కిందికి దూరాయి.

"అమ్మా, వాటిని బయటికి లాగకు ప్లీజ్. కళ్ళలోకి చూడకూడదంట, ఆన్‌లైన్‌లో చదివాను. నాకు మీటింగ్ ఉంది, నువ్వు ఊరికే రూమ్‌లో కూర్చుంటావా? అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు" అంది.

మోకాళ్ళు సహకరించకపోయినా కింద చాప వేసుకుని, మంచానికి వీపు పెట్టి, చదువుతున్న పుస్తకాన్ని మెల్లగా పైకి చదవడం మొదలుపెట్టాను. అరగంట తర్వాత వెనక గోళ్ళ చప్పుడు వినిపించింది. తల తిప్పకుండా ఉండడానికి నాకు చాలా కష్టమైంది. వస్తున్నది వెనక్కి పోకుండా ఉండాలని ఎంత కోరుకుంటే అంత కదలకుండా ఉండాలి. అలా కూర్చుని ఉన్నప్పుడే ఆ వారం అత్త ఎలా కూర్చుందో నాకు మళ్ళీ కనిపించింది. చాప మీద ఒక పక్కకు జరిగి కూర్చుంది. నేనెప్పుడూ కూర్చునే చోట పత్రిక తెరిచి పెట్టి ఉంది. రోజూ నేను బడి నుంచి వచ్చే వేళకే అలా ఉండేది. కోపం వచ్చిన మనిషి పక్కన చోటు ఉంచదు.

ఆమె అడిగి ఉంటే నేను ఇంకో అబద్ధం చెప్పి ఇంకా లోపలికి దూరేదాన్ని. అది తెలిసే అడగలేదు. నా అంతట నేను వస్తానని ఎదురు చూసింది. ఎన్ని రోజులు చూసిందో, ఏ రోజున ఇక రాదని అనుకుందో, లేక ఆ చివరి మంచం మీద కూడా చూస్తూనే ఉందో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఒక పిల్లిని పోగొట్టిన తప్పు అనుకున్నాను. అది ఎంతైనా తొమ్మిదేళ్ళ పిల్ల తొందర, దాన్ని అత్త ఎప్పుడో క్షమించి ఉంటుంది. నాతో మిగిలింది వేరు. ఆ గడపకూ ఆమె చాపకూ మధ్య నాలుగు అడుగులు ఉండేవి. నేను నడవలేదు.