చివరి బ్రాకెట్లో తేమ

మా నకిగా రేవులో పడవల బరువు చూసే ఎరిసా బాబాయ్ తన పెళ్ళిలో ఏం చేశాడో మీకు తెలియదు. "ఈ అమ్మాయిని భార్యగా స్వీకరిస్తావా?" అని పాస్టరు అడిగితే "ఒక్క నిమిషం" అని చెప్పి, చర్చి మెట్లు దిగి, రేవు దాకా నడిచి, షెడ్డు తాళం తీసి, కంప్యూటర్ వేసి, 1+1 కొట్టి, 2 వచ్చాక తిరిగొచ్చి "స్వీకరిస్తాను" అన్నాడు. పెళ్ళికూతురు అంతసేపూ నిలబడే ఉంది. నేనది కళ్ళారా చూడలేదు. కానీ చూసినవాళ్ళ కంటే బాగా చెప్పగలను.

ఎరిసా బాబాయ్ కిటికీని అడగందే ఏ మాటా నమ్మడు. కిటికీ అంటే గోడకుండేది కాదు. ఆయన కంప్యూటర్ తెర మీద ఒక మూలన అరచేయంత లెక్కల కిటికీ ఉంటుంది. కూడికలూ, గుణకారాలూ, బ్రాకెట్లూ ఎంత పొడుగైనా ఒకే వరసలో కొడితే కింద జవాబు పడుతుంది. ఆ కంప్యూటర్లో ఇంకా బొమ్మలూ పాటలూ ఆటలూ ఉన్నాయట. పంతొమ్మిదేళ్ళుగా ఆయన తెరిచి చూడలేదు.

"ఎందుకు బాబాయ్?" అన్నాను.

"పని పడలేదు."

నేను సెకండరీ రెండో ఏడులో చదువు మానేశాను. లెక్కలు రాక కాదు. నాకు వచ్చినన్ని లెక్కలు ఆ స్కూలుకి రాక. అందుకే ఎరిసా బాబాయ్‌ని సరిగ్గా అంచనా వేయగల మనిషి ఈ సరస్సు చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

రోజంతా బ్రాకెట్లు కొట్టీ కొట్టీ ఆయన మాట కూడా అలాగే తయారైంది. "మధ్యాహ్నం మాటోకె అరటికాయ ముద్ద తిన్నాను, బ్రాకెట్, ఉప్పు తక్కువైంది, బ్రాకెట్ మూశాను, బాగుంది" అంటాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర "మీ అన్నయ్య గురించి, బ్రాకెట్..." అని మొదలుపెట్టి కుర్చీలోనే కునుకు తీశాడట. వాళ్ళావిడ గరిటె పట్టుకుని సాయంత్రం దాకా ఎదురుగా కూర్చుంది. లేచాక ఆయన "బ్రాకెట్ మూశాను" అన్నాడు. లోపల ఏముందో ఇప్పటికీ బయటపడలేదు.

ఇక ఆయన ఉద్యోగం. పడవెక్కే ప్రతి మనిషీ షెడ్డులో చేపల కాటా మీద నిలబడాలి. కాటా ముల్లు ఆయన వైపుకే ఉంటుంది. ముల్లు చూసి, కిటికీలో అంకె కొట్టి, పడవ నడిపే ముగెర్వాకి వినపడేలా గట్టిగా అరుస్తాడు. పడవ ఏ పక్కకీ ఒరగకుండా ఎవరెక్కడ కూర్చోవాలో కూడా ఆయనే చెబుతాడు.

ఒకసారి కౌన్సిలరు గారు వచ్చారు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఒడ్డు నిండా జనం. "ఏమయ్యా, నన్ను కూడా తూచాలా? నా బరువేమిటో ఈ జిల్లాకే తెలుసు" అని నవ్వారు.

"కిటికీకి తెలియదండీ" అన్నాడు బాబాయ్. తర్వాత గొంతెత్తి, "నూట పన్నెండున్నర! ఎడమ పక్కకి! ఎడమ పక్కకి ఇంకెవరూ రాకండి!"

కౌన్సిలరు గారు ఆ ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ అర కిలో వల్లే అంటారు.

ఆడవాళ్ళ విషయంలో మాత్రం మా ఊరి అదృష్టమే వేరు. ఎవరు కాటా ఎక్కినా "యాభై! మధ్యలో కూర్చోండమ్మా!" అనే వినపడుతుంది. పొరుగు రేవుల ఆడవాళ్ళు కూడా మోటారు సైకిళ్ళెక్కి మరీ మా రేవుకే వచ్చేవాళ్ళు. వాళ్ళూ యాభయ్యే. మా సరస్సు గాలి గొప్పదని నేను పది ఊళ్ళలో చెప్పుకున్నాను.

నన్ను తినేసే ముక్క ఇంకొకటుంది. ప్రతి ట్రిప్పుకీ లెక్కంతా అయ్యాక చివర ఒక బ్రాకెట్ తగిలిస్తాడు. ఒకసారి (4*18), ఒకసారి (11*18). మనిషీ లేడు, మూటా లేదు. ఉత్త బరువు.

"అదేంటి బాబాయ్?"

"తేమ."

"తేమేంటి?"

"చెక్క నీళ్ళు పీలుస్తుంది." అంతే. మూసేశాడు, బ్రాకెట్‌నీ నోటినీ.

ఇక నా సంగతి. ఎదుటి దీవిలో నకిబూలె అనే పిల్ల ఉంది. నన్ను చేసుకోవడానికి ఎందరో అమ్మాయిలు పోటీ పడుతుండగా ఆమె మాత్రం ఆలోచించి చెబుతానంది. మూడేళ్ళు ఆలోచించి సరేనంది. మా బగాండా తెగ వాళ్ళలో పిల్లాడు బంధుబలగంతో, కానుకలతో పిల్ల ఇంటికెళ్ళి పరిచయం చెప్పుకోవాలి. ముందు నడవాల్సింది మేనత్త. ఆమె లేకపోతే ఆ గేటు తెరుచుకోదు. పిల్ల బాబాయ్ ముందే కబురంపాడు: "పదకొండు దాటితే గేటు మూసేస్తాం. మళ్ళీ వచ్చే ఏడాది చూసుకుందాం." ఇంకో ఏడాది దొరికితే నకిబూలె మళ్ళీ ఆలోచిస్తుంది. అదీ నా భయం.

శనివారం తొమ్మిదిన్నరకి రేవులో దిగాం. తొమ్మిది మంది అత్తలు గోమెసిలు, అంటే పండగ గౌన్లు, వేసుకొచ్చారు. గోమెసి వేస్తే బక్కపలచని మనిషికి కూడా భుజాల మీద రెండు కొండలు మొలుస్తాయి. మా అత్తల్లో బక్కపలచనివాళ్ళు లేరు. అందరికీ పెద్ద, గేటు దగ్గర ముందు నడవాల్సింది నలుమన్సి అత్త. చర్చిలో ఆవిడకి రెండు కుర్చీలు కలిపి వేస్తారు.

"యాభై! మధ్యలో కూర్చోండమ్మా!" అని అరిచాడు బాబాయ్. అత్త నడుముకు కట్టిన పట్టీ సవరించుకుని హంసలా పడవెక్కింది.

అందరూ ఎక్కారు. డోలు వాయించేవాడొక్కడు మిగిలాడు, డోలుతో కలిపి డెబ్బై కిలోలు. అప్పుడే ముగెర్వా ఇంజన్‌లోంచి పొగ వస్తోందని పిలిస్తే బాబాయ్ అటు వెళ్ళాడు. నేను కిటికీ ముందుకెళ్ళాను. మగవాళ్ళు, ఆడవాళ్ళు, కానుకలు, తేమ, అన్నీ వరసగా ఉన్నాయి:

952+450+714+(9*18)

జవాబు 2278. పడవ మోయగలిగేది 2200. అంటే డోలు మాట అటుంచి, ఎక్కినవాళ్ళలోనే ఒకరు దిగాలి. ఆకాశం చూశాను. ఎండ పెళపెళలాడుతోంది. ఇంత ఎండలో తేమేంటి? చివరి బ్రాకెట్ తుడిచేశాను. 2116! డోలుకి కూడా చోటొచ్చింది. చదువుకున్నవాళ్ళకి ఇలాంటివి తట్టవు.

"రెండువేల నూట పదహారు! సరిపోయింది! పోనియ్ ముగెర్వా!" అని పొగ తగ్గగానే అరిచి, డోలువాడితో సహా ఎక్కేశాను.

పడవ పది బారలు వెళ్ళింది. నీళ్ళు అంచుకి ఒక వేలెడు దూరంలో ఆగాయి. తర్వాత ఆగలేదు. ఒక చిన్న అల లోపలికొచ్చి నలుమన్సి అత్త చెప్పులు తడిపింది. ముగెర్వా ఇంజన్ ఆపేసి అడుగున్నర చొప్పున వెనక్కి తెడ్డు వేశాడు.

బాబాయ్ మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. "ఒరేయ్ లుట్టా, బ్రాకెట్ ఎవరు తీశారు?"

"ఎండగా ఉంది కదా బాబాయ్, తేమ ఆరిపోయుంటుందని..."

ఆయన వంగి, నీళ్ళకీ పడవ అంచుకీ మధ్య వేలు పెట్టి కొలిచాడు.

ఈలోగా తోడు పెళ్ళికొడుకు సెర్వాడ నోరు విప్పాడు. డెబ్బై ఎనిమిది కిలోల మనిషి, నోటిది విడిగా తూచాలి. "తొమ్మిది మందీ యాభయ్యేనా? ఎక్కడో తప్పుంది. ఆడవాళ్ళందర్నీ దింపి మళ్ళీ తూచండి. ముల్లు ఈసారి మా వైపు తిప్పండి!"

పడవలో అత్తల చేతుల్లో తొమ్మిది విసనకర్రలు ఒక్కసారి ఆగాయి.

"ముగెర్వా, ఒడ్డుకి చేర్చు" అంది నలుమన్సి అత్త, చాలా నెమ్మదిగా. "నేను ఇంటికెళ్తాను. కోడిని పొయ్యి మీద వదిలేసొచ్చాను."

పొయ్యీ లేదు, కోడీ లేదు. ఆవిడ దిగితే గేటూ లేదు, నకిబూలే లేదు. నాకు పంతొమ్మిదేళ్ళ యాభైలూ, పంతొమ్మిదేళ్ళ తేమా ఒక్కసారిగా కలిసి అర్థమయ్యాయి. కౌన్సిలరుకి అర కిలో తగ్గించని మనిషి రోజూ పైకి అబద్ధం అరిచి, ఆ అబద్ధాన్నంతా చివరి బ్రాకెట్లో తిరిగి నిజాయితీగా కలుపుతున్నాడు.

"ఎవరూ కదలకండి" అని బాబాయ్ షెడ్డులోకెళ్ళాడు. టకటకా కొట్టిన చప్పుడు వినపడింది. తిరిగొచ్చాడు. మొహంలో ఏమీ లేదు.

"ఆడవాళ్ళ లెక్క సరిగ్గానే ఉంది. తప్పు పెళ్ళికొడుకు దగ్గర వచ్చింది. వాడు అరవై ఎనిమిది కాదు. రెండువందల ముప్ఫై."

పడవంతా నా వైపు తిరిగింది. నా చొక్కా లోపల గాలి తప్ప ఏమీ లేదని అందరికీ తెలుసు.

"బాబాయ్, నేను..."

"కిటికీ చెప్పింది."

నలుమన్సి అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. "నేను అనుకుంటూనే ఉన్నాను. ఈ మధ్య వీడు బాగా ఒళ్ళు చేశాడు."

"అవునవును, మెడ చూడండి" అంది రెండో అత్త. తొమ్మిది విసనకర్రలూ మళ్ళీ ఆడాయి.

"పెళ్ళికొడుకుని దింపలేం" అన్నాడు బాబాయ్. "నూట నలభై ఎనిమిది దిగాలి. డోలు డెబ్బై. సెర్వాడ గారూ, మీరు డెబ్బై ఎనిమిది. సరిగ్గా సరిపోయింది."

"నేనెందుకు? నేను తోడు పెళ్ళికొడుకుని!"

"మీకు తూకాల మీద అనుమానాలున్నాయి కదండీ. ఒడ్డున కాటా ఉంది."

పదకొండుకి నాలుగు నిమిషాలుండగా గేటు దాటాం. నలుమన్సి అత్త ముందు, నేను వెనక. సెర్వాడ రెండో ట్రిప్పులో వచ్చేసరికి వేరుశెనగ పులుసు అయిపోయింది. నకిబూలె నన్ను చూసి, ఇంకేమీ ఆలోచించకుండా నవ్వింది. ఇప్పటికీ అత్తారింట్లో నా పేరు రెండువందల ముప్ఫయ్యే. నేను వెళితే ముందు కుర్చీ కాళ్ళు చూసి, తర్వాత కూర్చోమంటారు.

ఇదంతా రాసి ఎరిసా బాబాయ్‌కి షెడ్డులో చదివి వినిపించాను. చివరి దాకా విన్నాడు. తర్వాత కిటికీలో ఏదో కొట్టి, జవాబు చూసి, నా వైపు తిరిగాడు.

"మొదట్లోనే తప్పు రాశావు. పెళ్ళిలో నేను కొట్టింది 1+1 కాదు. (1+1)+1. మా అత్తగారు మాతోనే ఉంటానన్నారు. ఆవిడ యాభై కిలోలు."