పట్టాల మీద బెల్లం నీళ్లు

2011. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మాది జనగామ. నేను టీటీఈని, అంటే రైల్లో టికెట్లు చూసేవాణ్ణి. ఆ రోజు చెన్నై నుంచి ఢిల్లీ వెళ్లే బండిలో విజయవాడలో ఎక్కాను. త్రీటైర్ ఏసీలో మార్టిన్, ఎల్సా అనే విదేశీ దంపతులున్నారు. విదేశీయులు కనబడితే నాలుగు జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను, నా నోరు అలాంటిది. బ్యాగును బెర్తు కింద గొలుసుతో కట్టుకోండి, బండి ఆగిందని దిగి దూరం పోకండి, మత్తుమందు కలిపే ముఠాలుంటాయి కాబట్టి తెలియనివాళ్లు ఏమిచ్చినా తినకండి అన్నాను. మార్టిన్ అన్నిటికీ బుద్ధిగా తల ఊపాడు.

మహబూబాబాద్ అవుటర్, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది. ముందు పట్టాల మీద జనం రాళ్లు పేర్చి పొయ్యిలు ముట్టించారు. వంటావార్పు. అక్కడే వండుకుని, అక్కడే కూర్చుని తినేదాకా బండి కదలదు.

కాసేపటికి ఎల్సా పరుగున వచ్చింది. "ఆయనకు షుగర్. వరంగల్లో భోజనం వస్తుందని ముందే ఇన్సులిన్ వేసుకున్నాడు" అంది. వెంటనే ఆమె వెంట నడిచాను. సూది వేసుకుని తినకపోతే ఏమవుతుందో మా నాన్న విషయంలో చూసినవాణ్ణి.

వెళ్లేసరికి మార్టిన్ చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. వాళ్ల బిస్కెట్లు పొద్దుటే అయిపోయాయట. పక్క బెర్తు ఆవిడ లడ్డూ ఇవ్వబోతే తోసేశాడు. నన్ను చూపించి "ఈయనే తినొద్దన్నాడు" అని అదే మాట. షుగర్ పడిపోతే మనిషికి తెలివి సరిగా పనిచేయదు, మొండికేస్తాడు. "నేనే చెబుతున్నాను, తినండి" అని బతిమాలాను. పళ్లు బిగబట్టాడు.

బండి దిగి పొయ్యిల దగ్గరికి ఉరికాను. ఒకాయన అడ్డం వచ్చాడు.

"బండి ఇడువం సారూ. గిసొంటి కతలు మస్తు విన్నం."

"బండి ఇడువుమంటలేనన్నా. లోపల ఒకాయన పానం మీదికొచ్చింది. జర బెల్లం ఉంటే ఇయ్యుండ్రి."

ఆ మాట పరమాన్నం వండుతున్న లంబాడా అవ్వ చెవిన పడింది. బయ్యారం దిక్కు తండా నుంచి వచ్చిందట. చెంబులో బెల్లం నలిపి, నీళ్లు పోసి, నా వెంట పెట్టెలోకి ఎక్కింది. మార్టిన్ ఆమెను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఏమాయె, తాగడా?"

"తెల్వనోళ్లిస్తే తినద్దని నేనే చెప్పిన అవ్వా."

"మంచిగనే చెప్పినవ్. గిటు సూడుమను."

చెంబు ఎత్తి, మూతి తగలకుండా గొంతులో పోసుకుంది. నాకిచ్చింది, నేనూ అలాగే తాగాను. ఎల్సాకు ఎత్తి తాగడం రాక సగం మెడ మీద పడింది. మార్టిన్ కళ్లు ఆ చెంబు వెంటే తిరిగాయి. చివరికి నోరు తెరిచాడు. అవ్వ గడ్డం పట్టుకుని కొద్దికొద్దిగా పోసింది. కాసేపటికి ఆ చేతుల వణుకు తగ్గింది.

బెల్లం నీళ్ల సత్తువ ఎంతోసేపు ఉండదని, అవ్వే మళ్లీ దిగి విస్తరిలో పరమాన్నం తెచ్చింది. అప్పటికి మార్టిన్‌కు తెలివి వచ్చింది. విస్తరిని అవ్వ వైపు జరిపి, ముందు నువ్వు అన్నట్టు సైగ చేశాడు. అవ్వ పకపకా నవ్వి ఒక ముద్ద నోట్లో వేసుకుంది.

రిటైరయ్యేదాకా విదేశీయులకు అవే జాగ్రత్తలు చెప్పాను, ఇంకో రెండు కలిపి. మా బండ్ల టైమును నమ్మి సూది వేసుకోకండి, తిండి చేతికి వచ్చాకే వేసుకోండి. ఎప్పుడైనా ఒకరి చేతిది తినక తప్పకపోతే, అదే గిన్నెలోది ముందు వాళ్లను తినమనండి. నిజంగా మన ఆకలి చూసి పెట్టేవాళ్లు దానికి నొచ్చుకోరు.