యూనీసక్కకు ఫోనులో నవల

నాంపల్లిలో ఉండే బెత్సీ టీచరు ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత డిటెక్టివ్ నవలలు కొనేది. చూపు పోయిన యూనీసక్క కోసం వాటిని మెదక్‌కు ఫోను చేసి చదివేది. అయితే ఎస్టీడీ బిల్లుకు భయపడి రెండు పేజీలకే పెట్టేయాల్సి వచ్చేది.

2003లో ఒక కొత్త కంపెనీవాళ్లు వచ్చి, తమ కనెక్షన్ తీసుకుంటే మెదక్‌కు కూడా లోకల్ రేటే పడుతుందన్నారు.

"నంబరు మారుతది. అందరికీ మళ్లా చెప్పాలె," అని భర్త ప్రభుదాస్ సణిగాడు.

"చెప్దాం తియ్యి. హంతకుడెవడో తెల్వక అక్కకు నిద్ర పడ్తలేదు," అంది బెత్సీ.

కొత్త ఫోను వచ్చిన మధ్యాహ్నం ఆమె ఆఖరి పేజీ దాకా ఆగకుండా చదివింది. గొంతు బొంగురుపోతే చాయ్ తెచ్చిచ్చిన ప్రభుదాస్, తనూ పక్కనే కూర్చుండిపోయాడు.

"గా డాక్టరే చంపిండని నేను ముందుగాలనే చెప్పలేదా?" అని అవతల యూనీసక్క సంబరపడిపోయింది.

"ఔనక్కా, నువ్వే గెలిచినవ్."

"జర నీళ్లు తాగి ఇంకోటి తియ్యి మరి."

బెత్సీ లేవబోయేసరికి ప్రభుదాస్ అప్పటికే అలమారాలో మరో నవల వెతుకుతున్నాడు.