లోపల ముగ్గురే, బస్సులో అరవై మంది

పోయిన నెల ఒక రోజు పొద్దున బడిలో ప్రార్థన ముగుస్తుండగా ఫోను మోగింది. చేసింది బెళుగుప్ప బస్సు నడిపిన పాత డ్రైవరన్న. "పాపా, మామ పోయినాడు. రాత్రి అన్నం తిని పండుకున్న మనిషి పొద్దున లేయలేదు" అన్నాడు. ఎదుటివాళ్ళు గొణిగితే ఆ మామకు ఎంత చిరాకో గుర్తొచ్చింది. గొంతు సవరించుకొని "ఎన్ని గంటలకు తీసుకుపోతారన్నా?" అని గట్టిగానే అడిగాను.

ఆయన నాకు మేనమామ కాదు, చుట్టమూ కాదు. అనంతపురం నుంచి బెళుగుప్పకు పోయే ఎర్రబస్సు కండక్టరు. ఆ దారిలోని ఊళ్ళన్నీ ఆయన్ని మామ అనే పిలిచేవి, నేనూ పిలిచాను. ఈ రోజు నేను నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతున్నానంటే అందులో ఆయన వంతు చాలా ఉంది. దాన్ని నాలుగు మాటల్లో మీకు చెప్పుకోవాలనిపించింది.

తొంభైల చివరి సంగతి. బి.ఇడి. అయిపోయి అనంతపురంలో ఒక చిన్న కాన్వెంటులో పని చేస్తున్నాను. రోజూ మా ఊరి నుంచి గంటన్నర బస్సు ప్రయాణం. అప్పట్లో టీచరు పోస్టుకు రాత పరీక్ష ఒక్కటే చాలేది కాదు, ఇంటర్వ్యూ కూడా ఉండేది. మొదటిసారి రాతలో మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్వ్యూ గదిలో బల్ల వెనక ముగ్గురు కూర్చొని ఉన్నారు. పేరు అడిగారు, చెప్పాను. వినపడలేదన్నారు, మళ్ళీ చెప్పాను. మూడోసారి వాళ్ళే కాగితంలో చూసి చదువుకున్నారు. ఆ తర్వాత ఏమడిగారో, నేనేం గొణిగానో ఇప్పటికీ గుర్తులేదు. పోస్టు రాలేదు.

రెండోసారి రాత పరీక్ష గట్టెక్కిన ఏడాది మాకు వేరుశెనగ, అదే మా చెనిక్కాయ, పంట పూర్తిగా ఎండిపోయింది. చిన్నాయన కూతురు అప్పటికే బెంగుళూరులో బట్టలు కుట్టే కంపెనీలో చేరింది. "ఈసారీ కాకపోతే నువ్వు గూడా ఆ పాపతో పోమ్మా. ఏం చేస్తాం" అన్నాడు నాయన. కోపంగా అనలేదు, పక్కకు తిరిగి అన్నాడు. ఇంటర్వ్యూకు ఇంకా రెండు నెలలుంది.

ఆ వారంలోనే కండక్టరు మామ నన్ను పట్టుకున్నాడు. బస్సు కిటకిటలాడుతోంది. ఆయన టికెట్ల కట్ట నుంచి తలెత్తకుండానే "యాడికి?" అన్నాడు. ఊరి పేరు చెప్పాను. "యాడికీ?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారికి చెవి నా దగ్గరికి తెచ్చి, "ఏం పాపా, మీ ఊరు ఎవరికీ తెలీకుండా దాచిపెట్టినారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా మళ్ళీ ఆ బల్ల, ఆ ముగ్గురూ కనిపించారు.

జనం పలచబడ్డాక ఆయన వచ్చి ఎదురు సీట్లో కూర్చున్నాడు. జేబులోంచి వేయించిన చెనిక్కాయలు గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. ఆయన జేబు ఎప్పుడూ చెనిక్కాయలతో ఉబ్బి ఉండేది. "ఊరికే అన్నాలే పాపా. ఏడుస్తారా దానికి?" అన్నాడు. ఎందుకు ఏడుపొచ్చిందో చెప్పాను. అంతా విని ఆయన పెద్దగా నవ్వాడు.

"ఇంటర్వ్యూ అంటే ఏముండాది? వాళ్ళు అడుగుతారు, నువ్వు చెప్తావు. నేను దినానికి మున్నూరు మందిని అడుగుతా. ఒక్కరన్నా భయపడినారా? ఆ ప్రశ్నలేవో రాసుకొని రా, నేనడుగుతా."

ఆయనకు రోజు మార్చి రోజు డ్యూటీ. ఆయన లేని రోజు నేను చదువుకునేదాన్ని, ఉన్న రోజు ఆయన అడిగేవాడు. నేను రాసిచ్చిన ప్రశ్నల కాగితాన్ని తోలు సంచిలో టికెట్ల పక్కన పెట్టుకున్నాడు. టికెట్లు కొట్టడం అయ్యాక వెనక తలుపు దగ్గర తన సీట్లో కూర్చొని కళ్ళద్దాలు పెట్టుకునేవాడు. నేను డ్రైవరన్న వెనక, ముందు సీట్లో ఉండాలి. ఇంజను మోత మీదుగా నా జవాబు ఆయనకు వినపడాలి. అదీ నిబంధన.

"టీచరమ్మా! మొదటి ప్రశ్న!" అని కేకేసేవాడు.

"ఇంకా టీచరు కాలేదు మామా" అంటే, "పలకడం అలవాటు చేసుకో ముందు" అనేవాడు.

ఆయన పదో తరగతి దాకా చదివాడు. నా గొలుసుకట్టు రాతలో సైకాలజీ ఆయనకు చివరిదాకా 'సైకిలాలజీ'గానే కనిపించింది. "సైకిలాలజీ అంటే ఏమి? అది టీచరుకు ఎందుకు?" అని ఆయన అరిస్తే, బస్సులో ఒక పెద్దాయన "బడి దూరమైతే సైకిల్ కావల్ల గదప్పా" అని నా తరఫున జవాబు చెప్పాడు.

అలా మొదలైంది జనం కలగజేసుకోవడం. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. రెండు వారాలు గడిచేసరికి ఎవరూ ఏమీ అడగకపోతే వెలితిగా ఉండేది. "టీచరు ఎందుకు కావాలనుకుంటున్నారు?" అనేది మామకు ఇష్టమైన ప్రశ్న. "ఉపాధ్యాయ వృత్తి పవిత్రమైనది. భావి పౌరులను తీర్చిదిద్దే..." అని నేను ఎత్తుకోగానే, గొంగళి కప్పుకున్న ఒక ముసలాయన అడ్డం వచ్చాడు.

"ఏమమ్మా, ఇది నువ్వు చెప్పినట్ల లేదు. రేడియో చెప్పినట్ల ఉండాది. నీకెందుకు కావల్లనో చెప్పు."

నేను ఆలోచించాను. నేను చదువుకునేటప్పుడు మా ఊరి బడిలో ఐదు తరగతులకూ ఒక్కరే సారు. ఆయన రాని రోజు చిన్నపిల్లలకు నేనే ఎక్కాలు చెప్పేదాన్ని. ఒక పిల్లవాడికి ఏడో ఎక్కం వచ్చిన రోజు నేను ఇంటిదాకా పరుగెత్తాను. అదే చెప్పాను. ముసలాయన తలూపి, "ఇది బాగుండాది. ఇది నీది" అన్నాడు.

ఇంకో రోజు ప్రశ్న, పిల్లలు బడికి రాకపోతే ఏం చేస్తావని. "తల్లిదండ్రులకు విద్య ప్రాముఖ్యతను వివరిస్తాను" అన్నాను. పుస్తకంలో అలాగే ఉంది. పక్కన సీతాఫలాల గంప పెట్టుకొని కూర్చున్న ఒకామె నా వైపు తిరిగింది.

"యాదీ, నాకు వివరించు. నా కూతురు బడికొస్తే మేకల్ని ఎవురు కాస్తారు? నువ్వు కాస్తావా?"

బస్సు గొల్లుమంది. మామ నవ్వలేదు. విజిల్ ఊది అందర్నీ ఊరుకోబెట్టి, "ఎల్లుండికి జవాబు తేవల్ల టీచరమ్మా" అన్నాడు.

ఆ రెండు సాయంత్రాలూ మా ఊళ్ళో మేకలున్న ఇళ్ళన్నీ తిరిగాను. ఏ ఇంట్లో ఎన్ని మేకలు, ఎవరు కాస్తారు, ఏ పొద్దుకు తోలుకుపోతారు, అన్నీ అడిగాను. మూడో రోజు ఆమె మళ్ళీ అదే సీట్లో ఉంది. "ముందు మీ ఇంటికొస్తా. పాఠం చెప్పడానికి కాదు, మీ పనులు తెలుసుకోవడానికి. మూడు నాలుగిళ్ళ పెద్దవాళ్ళు వంతులు వేసుకొని అందరి మేకల్నీ కాస్తే, పిల్లలు బడికి రావచ్చు" అన్నాను.

"వంతులా? మా తోడికోడలితో నాకు మాటల్లేవు!"

"అయితే ముందు మీ ఇద్దరికీ మాటలు కలుపుతాను" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు, నోటికి వచ్చేసింది. బస్సంతా ఒకటే నవ్వు. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మామ మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, "ఇప్పుడొచ్చింది గొంతు" అన్నాడు.

ఆయన ఎప్పుడూ తీయగా మాట్లాడే మనిషేమీ కాదు. టికెట్టు తీసుకోని మొగవాళ్ళను ఆయన తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. మీసానికి రంగు వేసుకునేవాడు, ఆ మాట ఎవరైనా ఎత్తితే రెండు రోజులు పలికేవాడు కాదు. కడుపుతో ఉన్నామె ఎక్కితే మాత్రం, "లేయప్పా, ఆడ ఇద్దరు నిలబడుకోని ఉండారు" అని ఎవర్నో ఒకర్ని లేపేవాడు. నాకు జవాబు తెలియక ఏదో అల్లి చెప్పినప్పుడు ఆయన అన్న మాట నా పిల్లలకు ఇప్పటికీ చెబుతాను: "తెలీని స్టేజీకి టికెట్టు కొట్టొద్దు. తెలీదని చెప్పు. ఎవురూ చంపరు."

ఇంటర్వ్యూ రోజు ఆయనకు సెలవు. అయినా బుక్కరాయసముద్రంలోని ఇంటి నుంచి ఇంటర్వ్యూ జరిగే ఆఫీసు గేటు దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఖాకీ లేకుండా తెల్ల చొక్కాలో ఉంటే నేను గుర్తే పట్టలేదు. నన్ను పక్కకు పిలిచి ఒక్కటే మాట అన్నాడు.

"లోపల ముగ్గురే పాపా. మన బస్సులో అరవై మంది."

లోపల నిజంగానే ముగ్గురే ఉన్నారు. పేరు అడిగారు. చెప్పాను. మరీ గట్టిగా చెప్పినట్టున్నాను, మధ్యలో కూర్చున్నాయన కొంచెం వెనక్కి జరిగాడు. టీచరు ఎందుకు కావాలని అడిగారు, ఏడో ఎక్కం సంగతి చెప్పాను. పిల్లలు బడికి రాకపోతే అని అడిగారు, మేకల వంతులు చెప్పాను. చివరనున్న మేడమ్ రాసుకోవడం ఆపి, "అంత సులభమా? వాళ్ళలో వాళ్ళకు పడకపోతే?" అంది. తోడికోడళ్ళ సంగతి చెప్పాను. ముగ్గురూ నవ్వారు.

"ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?"

"బస్సులో నేర్చుకున్నాను మేడమ్."

తర్వాత మూల్యాంకనం గురించి ఏదో అడిగారు. నాకు రాదు. ఒక్క క్షణం అల్లేద్దామా అనిపించింది. "తెలియదు సార్. తెలుసుకుంటాను" అన్నాను. మధ్యలో కూర్చున్నాయన "మంచిది" అని తలూపాడు. అది మెప్పో కాదో జాబితా వచ్చేదాకా అర్థం కాలేదు.

గేటు దగ్గర మామ చెనిక్కాయల తొక్కలు కాళ్ళ కింద కుప్ప పోసుకొని నిలబడి ఉన్నాడు.

"గట్టిగా చెప్పినావా?"

"చెప్పినా మామా."

"మరి ఈడికి వినపడలేదే?" అన్నాడు. వారాల తరబడి బిగబట్టుకున్న నవ్వంతా అప్పుడు బయటికొచ్చింది. ఆ గేటు దగ్గర ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. కాపలా ఉన్నాయన వచ్చి పక్కకు పొమ్మన్నాడు.

జాబితాలో నా పేరు వచ్చింది. సాయంత్రం బస్సులో ఆ మాట చెప్పగానే మామ టికెట్లు కొట్టడం ఆపి అందరికీ చాటాడు. గంపామె రెండు పెద్ద సీతాఫలాలు ఏరి నా ఒడిలో పెట్టి, "వంతులు పెట్టుకున్నాంలే. నా తోడికోడలు మాట్లాడతాంది. మాట్లాడకుండా ఉన్నప్పుడే బాగుండె" అంది. ఇంటికి పోయి చెబితే నాయన లేచి లోపలికి పోయాడు. బెంగుళూరుకని సర్ది పెట్టిన సంచిలోంచి నా బట్టలు తనే ఒక్కొక్కటిగా తీసి దండెం మీద వేశాడు.

నాకు పోస్టింగు తనకల్లు మండలంలో వచ్చింది. మామను చూడడం ఏడాదికి ఒకటి రెండు సార్లయింది. కొన్నేళ్ళకు ఒక ఆదివారం రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చాడు. వచ్చే వారం రిటైర్మెంటు. డిపోలో సభ పెడుతున్నారు, మాట్లాడాలట.

"మైకు ముందర మాట్లాడల్లంట పాపా. ఈసారి నువ్వడుగు, నేను చెప్తా" అన్నాడు. మూడు పేజీలు రాసుకొచ్చాడు. ఆ రోజు సాయంత్రందాకా వంటింటి గడప మీద ఆయన్ని నిలబెట్టి చదివించాను. ఎక్కడా తడబడలేదు.

సభ రోజు నేనూ వెళ్ళాను. డిపో ఆవరణలో షామియానా కింద చిన్న వేదిక, వంద కుర్చీలు. దండలు వేశారు, శాలువా కప్పారు. మామ మైకు ముందుకొచ్చి కాగితం తీశాడు. "అందరికీ..." అన్నాడు. అంతే. మళ్ళీ "అందరికీ..." అన్నాడు. కాగితాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. డ్రైవరన్న దగ్గాడు. ఎవరో నీళ్ళ గ్లాసు తెచ్చారు. ఇంటర్వ్యూ రోజు నా కోసం కూడా అంత భయపడలేదు నేను.

మామ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేదిక దిగాడు. ఇంటికి పోతున్నాడేమో అనుకున్నారు అందరూ. పక్కన ఆపి ఉన్న బస్సు దగ్గరికి నడిచి, వెనక తలుపు మెట్టు ఎక్కి, కడ్డీ పట్టుకొని జనం వైపు తిరిగాడు.

"చూడండప్పా!" అన్నాడు. వర్క్‌షాపులో పని చేసుకుంటున్న వాళ్ళు కూడా తలెత్తారు. "ఇన్నేండ్లలో చానామందిని తిట్టింటా. మనసులో పెట్టుకోవద్దండి. నేను లేయమంటే లేచి ముసలోళ్ళకు సీటిచ్చినోళ్ళు చానామంది ఉండారు. వాళ్ళ పేర్లు నాకు తెలీవు. నేను ఈ పొద్దు చెప్పల్లనుకున్నది వాళ్ళకే. వాళ్ళకు దండం."

ఇంకా చాలా చెప్పాడు. ఇంజను ఆగి ఉంది, చక్రాల కింద రాళ్ళు పెట్టి ఉన్నాయి. అయినా మాట్లాడినంతసేపూ ఆయన అలవాటు కొద్దీ ఒక మోకాలు కొంచెం వంచి, ముందొచ్చే కుదుపుకు కాచుకున్నట్టు, మెడలో దండతో అటూ ఇటూ మెల్లగా ఊగుతూనే ఉన్నాడు.